ఒక్క కేబీ ఫైలులో ఏముంటుంది?

పెన్‌డ్రైవ్‌లో ఆరు ఫైళ్లు. ఒక్కటీ సరిగా తెరుచుకోవడం లేదు. రాయ్‌పూర్ గుఢియారీలో ఉండే మా మేనత్త దాన్ని పట్టుకుని వీధి చివర చాయిస్ సెంటర్‌కి వెళ్లింది. ఆన్‌లైన్ దరఖాస్తులు, సర్టిఫికెట్లు, జిరాక్సులు అన్నీ జరిగే కొట్టును ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరుతోనే పిలుస్తారు. అక్కడి కుర్రాడు ఒక్కో ఫైలు మీద రెండేసి సార్లు నొక్కి చూసి, ‘ఆంటీజీ, యే తో ఖాలీ హై’ అన్నాడట. ఖాళీ అనే మాట మనకూ వాళ్లకూ ఒకటే కాబట్టి అత్తకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి ‘అన్నీ పోయాయిరా’ అంది. గొంతు వణుకుతోంది.

మామయ్య ఇక్కడి వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. పొలం పార్వతీపురం దగ్గర. బావకి విశాఖలో ఉద్యోగం. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఇలా రెండు చివర్లా సగం సగం బతుకుతున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2024 సెప్టెంబరు 16న దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ కూడా వచ్చింది కాబట్టి మనుషులు ఇంకా తొందరగా తిరుగుతున్నారు. కాగితాలు మాత్రం రైలెక్కడం మానేశాయి. బావ విశాఖలో స్కాన్ చేసి క్లౌడ్‌లో పెడతాడు, మరదలు ఇక్కడ ల్యాప్‌టాప్‌లో చూస్తుంది. ఆ రోజు అత్త అడిగిందని ఆరు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చింది. అంతే జరిగింది.

మర్నాడు పొద్దున్న వెళ్లి చూశాను. ఏ ఫైలునూ తెరవడానికి ప్రయత్నించలేదు. ముందు ఫోల్డరులో ‘సైజు’ అనే నిలువు వరుస చదివాను. 1 కేబీ, 0 కేబీ, 87 కేబీ, 614 కేబీ, 42 కేబీ, 3.2 ఎంబీ. ఆరు ఫైళ్లకూ ఆరు వేర్వేరు జబ్బులు, వాటిలో కొన్నిటి పేరు ఆ అంకెల్లోనే ఉంది. ఫైలు తెరుచుకోకపోతే చాలామంది మొదట యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెడతారు, ఇంకొందరు ఆ ఫైలునే డిలీట్ చేస్తారు. నాడి పట్టకుండా మందు వేయడమే ఇది. నాడి ఆ సైజు వరుసలో ఉంటుంది.

మొదటిది 1 కేబీ. కుటుంబ పంపకాల ఒప్పందం ముసాయిదా, నాలుగు పేజీలు, తెలుగులో రాసింది. ఇక్కడ చిన్న లెక్క. 1 కేబీ అంటే 1,024 బైట్లు. నేటి ఫైళ్లలో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అంటే 1 కేబీలో మహా అయితే 341 సంకేతాలు, పట్టుమని పది వాక్యాలు కూడా కావు. ఏమీ రాయకుండా వర్డ్‌లో సేవ్ చేసిన తెల్ల కాగితం కూడా పది కేబీ దాటుతుంది. కాబట్టి నాలుగు పేజీల ఒప్పందం ఈ ఫైలులో ఉండే అవకాశమే లేదు. పోనీ పాడైందా అంటే అదీ కాదు. అది ఎప్పుడూ అందులో లేదు.

గూగుల్ డాక్స్‌లో రాసిన పత్రానికి డెస్క్‌టాప్ మీద కనిపించేది ఒక చిరునామా చీటీ మాత్రమే. పేరు చివర జీడాక్ అని ఉంటుంది, షీట్ అయితే జీషీట్. అందులో పత్రం తాలూకు గుర్తింపు సంఖ్య, ఇంకో ఒకటి రెండు వివరాలు ఉంటాయి. అసలు సైజు కొన్ని వందల బైట్లే, విండోస్ ఆ వరుసలో పై అంకెకు సవరించి 1 కేబీ అని చూపిస్తుంది. డ్రైవ్ యాప్ ఉండి, ఖాతాలో లాగిన్ అయి ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని మీద నొక్కితే బ్రౌజర్‌లో అసలు పత్రం తెరుచుకుంటుంది. అందుకే మరదలికి అది ఫైలులాగే కనిపించింది. చాయిస్ సెంటర్ కంప్యూటర్‌కి ఆ చీటీని ఏం చేయాలో తెలీదు. అత్త మోసుకెళ్లింది ఇంటి నంబరు, ఇల్లు కాదు. మందు తేలిక. పత్రాన్ని బ్రౌజర్‌లో తెరిచి, ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నొక్కి, వర్డ్ గానో పీడీఎఫ్ గానో దింపుకుని, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు ఇలాంటిదే ఇంకో రూపంలో ఎదురవుతుంది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 నవీకరణతో ‘ఫైల్స్ ఆన్ డిమాండ్’ అనే ఏర్పాటు వచ్చింది. ఫైలు పేరు, సైజు, తేదీ అన్నీ కంప్యూటర్‌లో కనిపిస్తాయి, లోపలి సరుకు మాత్రం నొక్కినప్పుడే ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ‘సైజు’ దగ్గర 4 ఎంబీ, ‘సైజ్ ఆన్ డిస్క్’ దగ్గర 0 బైట్లు. ఈ రెండు అంకెల మధ్య తేడా చదవడం వస్తే సగం సమస్యలు అక్కడే తీరతాయి. పక్కన నీలి మబ్బు గుర్తు ఉంటే సరుకు పైనే ఉంది. తెల్ల గుండ్రంలో ఆకుపచ్చ టిక్కు ఉంటే దిగింది. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు ఉంటే ఎప్పటికీ ఇక్కడే ఉంచమని మీరే చెప్పారన్నమాట. మబ్బు గుర్తున్న ఫైలును నెట్ లేని రైల్లో తెరవబోతే తెరుచుకోదు. రాయగడ కొండల మధ్య సొరంగాల్లో దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. బయల్దేరే ముందు రాత్రే రైట్ క్లిక్ చేసి, ఈ పరికరంలో ఎప్పుడూ ఉంచు అనే వరుస నొక్కాలి. నెట్ ఉన్నా తెరుచుకోకుండా 8007016ఏ అంకెలతో తప్పు చూపిస్తే వన్‌డ్రైవ్ యాప్ నడవడం లేదని అర్థం. స్టార్ట్ మెనూలో దాన్ని వెతికి నడిపిస్తే చాలాసార్లు సరిపోతుంది.

రెండో ఫైలు 0 కేబీ. దీనికి మందు లేదు, మందు అవసరమూ లేదు. కాపీ మొదలవగానే పేరు వచ్చి కూర్చుంది, సరుకు వచ్చేలోపు పెన్‌డ్రైవ్ లాగేశారు. సున్నా బైట్లలో మరమ్మతు చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి, పాడైన ఫైళ్లను బాగు చేస్తామనే యాప్‌ల జోలికి పోకుండా అసలు ఫైలు దగ్గరికి తిరిగి వెళ్లడమే దారి. క్లౌడ్‌లోనే 0 కనిపిస్తే పంపినవాళ్లను అడగాలి. ఎక్కించేటప్పుడు మధ్యలో ల్యాప్‌టాప్ మూత వేసేసి ఉంటారు. నెట్ వేగం మెగాబిట్లలో, ఫైలు సైజు మెగాబైట్లలో చెబుతారు, రెండింటికీ మధ్య 8 రెట్ల తేడా. సెకనుకు 5 మెగాబిట్లు పంపే లైనులో 2 జీబీ పెళ్లి వీడియో ఎక్కాలంటే సుమారు 53 నిమిషాలు. ‘పంపేశాను’ అన్న మనిషికీ ‘రాలేదు’ అన్న మనిషికీ మధ్య జరిగే గొడవల్లో ఆ 53 నిమిషాలే ఎక్కువగా ఉంటాయి.

మూడోది 87 కేబీ, పేరు చివర పీడీఎఫ్ అనే ఉంది. ఒక బ్యాంకు స్టేట్‌మెంటు. పీడీఎఫ్ చదివే యాప్ మాత్రం ఇది పీడీఎఫ్ కాదంటోంది. ఇలాంటి చోట నేను చేసే పని ఒకటి ఉంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూస్తాను. నిజమైన పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, ఆ వెంటనే పీడీఎఫ్ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలవుతుంది. వర్డ్, ఎక్సెల్ కొత్త రకం ఫైళ్లు పీ, కే అనే రెండక్షరాలతో మొదలవుతాయి. ఆ రెండూ జిప్ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. అత్త ఫైలు మొదట్లో వెబ్‌పేజీ గుర్తులు కనిపించాయి. లాగిన్ గడువు అయిపోయాక డౌన్‌లోడ్ నొక్కితే స్టేట్‌మెంటు బదులు లాగిన్ పేజీయే దిగి పీడీఎఫ్ పేరు పెట్టుకుని కూర్చుంది. నోట్‌ప్యాడ్‌లో చూడండి గానీ అక్కడ ఏమీ మార్చి సేవ్ చేయకండి.

పేరు చివరి తోకను విండోస్ మామూలుగా దాచేస్తుంది. ఫోల్డరు పైన వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న గడిలో టిక్కు పెడితే అసలు తోక బయటపడుతుంది. ఐఫోన్ ఫొటోలు 2017 నుంచి, అంటే ఐఓఎస్ 11 నుంచి, హెచ్‌ఈఐసీ రకంలో వస్తున్నాయి. పాత కంప్యూటర్‌లో అవి తెరుచుకోకపోవడానికి కారణం ఆ రకమే, ఫొటో చెడిపోయి కాదు.

నాలుగోది 614 కేబీ, మామయ్య ఈ-ఆధార్. ఇది నిక్షేపంగా ఉంది. పాస్‌వర్డ్ అడుగుతోంది, అత్త ఫోన్ పిన్ కొట్టి చూసింది, తెరుచుకోలేదు. ఈ పాస్‌వర్డ్ విషయంలో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిషు పెద్దబడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఆధార్ సంస్థ స్వయంగా ఇచ్చిన ఉదాహరణల్లో సురేశ్ కుమార్, 1990 అయితే ఎస్, యు, ఆర్, ఇ, ఆపైన 1990. మొత్తం 8. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా, చుక్కతో. ఆ సంస్థ ఉదాహరణల్లోనే పి. కుమార్ అనే పేరుంది. దానికి పాస్‌వర్డ్ పి, చుక్క, కె, యు, ఆపైన 1990. అంటే చుక్క కూడా ఒక అక్షరం కింద లెక్క, ఖాళీ మాత్రం లెక్కలోకి రాదు. రియా లాంటి మూడక్షరాల పేరైతే మొత్తం 7తోనే సరిపెట్టాలి. మామయ్యను ఇక్కడి రైల్వే కాలనీలో అందరూ రావుగారనే అంటారు, ఆధార్‌లో మాత్రం ఇంటిపేరు పొడి అక్షరంతో మొదలైంది. చుక్కతో సహా కొట్టగానే తెరుచుకుంది. అత్త మొహం అప్పుడు కాస్త తేటపడింది.

అందులో సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్నార్థకం, చెల్లుబాటు తెలియదు అన్న మాట కనిపిస్తే ఫైలు నకిలీ అని భయపడనక్కర్లేదు. సంతకం చేసినవారి ధ్రువపత్రాన్ని ఈ కంప్యూటర్ ఇంకా నమ్మడం లేదని దాని అర్థం. అడోబీ రీడర్‌లో ఆ సంతకం మీద రైట్ క్లిక్ చేసి పరిశీలించమని చెప్పి, నమ్మదగిన వాటిలో చేర్చాలి. ఆ పని నెట్ ఉన్నప్పుడే అవుతుంది.

అయిదోది 42 కేబీ. ఇది తెరుచుకుంది గానీ చదవడానికి ఒక్క ముక్క రాలేదు. ఇక్కడి ఓ కార్యాలయంలో టైపు చేయించిన హిందీ అఫిడవిట్. కృతిదేవ్ ఫాంటులో టైపు చేశారు. ఈ ఫాంటు అసలు దాచుకునేది ఇంగ్లిషు అక్షరాలనే, వాటికి దేవనాగరి ముసుగు వేసి చూపిస్తుంది. భారత్ అనే మాట అందులో హెచ్, కె, కె, జె, ఆర్ అనే అయిదు ఇంగ్లిషు అక్షరాలుగా ఉంటుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు తొలగి ఆ అయిదక్షరాలే బయటపడతాయి. మనకిది కొత్త కాదు. అను ఫాంట్లలో కూర్చిన పెళ్లి శుభలేఖనో, పాత కవితల సంపుటినో ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఆ పిచ్చిగీతలు చూసి గుండె జారనివాళ్లు తెలుగునాట డీటీపీ తెలిసినవాళ్లలో తక్కువ. యూనికోడ్‌లో తెలుగుకు 128 గడుల వరుస 1991 నాటి మొదటి కూర్పులోనే ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఈ ముసుగు ఫైళ్లు ఇప్పటికీ క్లౌడ్‌లోకి ఎక్కుతూనే ఉన్నాయి. పంపేవాళ్లను ఒక్క మాట అడగండి, వర్డ్ ఫైలు బదులు పీడీఎఫ్ చేసి పంపమని. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే కూర్చుని వస్తుంది.

ఆరోది 3.2 ఎంబీ, పాసుపుస్తకం స్కాను. సైజు చూస్తే ఆరోగ్యంగా ఉంది, కానీ మరదలి ల్యాప్‌టాప్‌లో తెరవబోతే దారి దొరకలేదంటోంది. ఇక్కడ లెక్క పేరుది. బావ పద్ధతైన మనిషి. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం, కాగితం రకం, ఇలా ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ ఏడంతస్తులు దిగాడు. విండోస్‌లోని పాత కొలత ప్రకారం డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు తోక దాకా మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదు. చాలా యాప్‌లు ఇప్పటికీ ఆ కొలతే పాటిస్తాయి. వన్‌డ్రైవ్ పైన 400 దాకా ఒప్పుకుంటుంది. అంటే 260కీ 400కీ మధ్య పడ్డ ఫైలు క్లౌడ్‌లో హాయిగా ఉండి, కంప్యూటర్‌లో మొరాయిస్తుంది.

తెలుగు పేర్లు ఈ కొలతను తొందరగా తినేస్తాయి. ‘పట్టాదారు పాసుపుస్తకం’ అంటే మన కంటికి తొమ్మిది అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఒత్తులు, గుణింతాలు, మధ్యలోని ఖాళీ కలుపుకుని 21 సంకేతాలు. యూటీఎఫ్-8 బైట్లలో 61. అదే పేరు వెబ్ లింకులోకి ఎక్కితే ఒక్కో తెలుగు సంకేతం 9 గుర్తులుగా, ఖాళీ 3 గుర్తులుగా విచ్చుకుని 183 అవుతుంది. లైనక్స్ మీద నడిచే చాలా యంత్రాల్లో ఒక్క పేరుకు 255 బైట్లే హద్దు, తెలుగులో అది 85 సంకేతాలు. ఫైలుకు తెలుగు పేరు పెట్టవద్దని నేను ఎవరికీ చెప్పను, మన భాషలో పేరు పెట్టుకోవడం మన హక్కు. పేరు పొట్టిగా పెట్టి, అంతస్తులు తగ్గించుకుంటే చాలు. మరదలు ఆ ఫోల్డరును నేరుగా సీ డ్రైవ్‌లోకి లాగింది, ఫైలు తెరుచుకుంది.

పెన్‌డ్రైవ్ కథ అక్కడికి తేలింది. కానీ ఫైలు బాగుండి కంప్యూటర్ బాగాలేని సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిలో అందరూ దాటేసేది గడియారం. పాత డెస్క్‌టాప్ లోపల నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్ 2032. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, కొలతలు పేరులోనే ఉన్నాయి. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. క్లౌడ్ సైట్లు తమని తాము రుజువు చేసుకునే ధ్రువపత్రాలకు గడువు తేదీలుంటాయి. 2020 సెప్టెంబరు నుంచి ఆ గడువు 398 రోజులకు మించకూడదన్నారు, 2026 మార్చి 15 నుంచి అది 200 రోజులు. కంప్యూటర్ తేదీ ఆ గడువు బయట ఉంటే సైటు సురక్షితం కాదంటూ బ్రౌజర్ తలుపు వేసేస్తుంది. ఖర్చల్లా ఓ చిన్న బ్యాటరీ.

విండోస్ పాతదైనా అంతే. విండోస్ 7, 8, 8.1 మీద వ్యక్తిగత వన్‌డ్రైవ్ యాప్ 2022 మార్చి 1 నుంచి సింక్ చేయడం మానేసింది. గూగుల్ వారి పాత బ్యాకప్ అండ్ సింక్ యాప్ 2021 అక్టోబరు 1తో ఆగిపోయింది. బ్రౌజర్‌లో సైటు తెరిచి ఫైలు దింపుకోవడమే అలాంటి కంప్యూటర్లలో మిగిలిన దారి.

అనుమతి కావాలి అని వస్తే బ్రౌజర్ పైన చిరునామా గడి చూడండి. గూగుల్ చిరునామాల్లో యు అనే అక్షరం పక్కన గీతల మధ్య 0, 1, 2 లాంటి అంకె ఉంటుంది. 0 అంటే ఆ బ్రౌజర్‌లో మొదట లాగిన్ అయిన ఖాతా, 1 అంటే రెండోది. బావ పంచుకున్నది మామయ్య ఖాతాతో, బ్రౌజర్ తెరుస్తున్నది మరదలి ఖాతాతో. ఇంట్లో నలుగురు ఒకే ల్యాప్‌టాప్ వాడే చోట ఇది తప్పదు.

కొన్నిసార్లు తప్పు మన వైపు ఉండదు. 2020 డిసెంబరు 14న గూగుల్‌లో ఎవరు ఎవరో గుర్తుపట్టే వ్యవస్థకు నిల్వ కోటా సరిగా అందక సుమారు 47 నిమిషాలు జీమెయిల్, డ్రైవ్, డాక్స్ ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ 47 నిమిషాల్లో యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు. 2023 నవంబరులో వచ్చింది ఇంకా గట్టి పాఠం. డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ 84వ కూర్పులో కొందరి ఫైళ్లు కనిపించకుండా పోయాయి. గూగుల్ మొదట చెప్పిన మాట, ఖాతాను విడదీయొద్దు, యాప్ తాలూకు డేటా ఫోల్డరును చెరపొద్దు అని. ఇంకా పైకి ఎక్కని ఫైళ్లు ఆ ఫోల్డరులోనే ఉన్నాయి. డిసెంబరులో 85వ కూర్పుతో వాటిని వెనక్కి తెచ్చే ఏర్పాటు వచ్చింది. ఓపిక పట్టినవాళ్లకు అది పనికొచ్చింది.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. తెరుచుకోని ఫైలును డిలీట్ చేయకండి. సింక్ అయిన ఫోల్డరులో ఒకచోట చెరిపితే క్లౌడ్‌లోనూ, ఆ ఖాతా ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ చెరిగిపోతుంది. విశాఖలో బావ ల్యాప్‌టాప్‌లో కూడా. డిస్కులో చోటు కావాలంటే రైట్ క్లిక్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ అని వేరే వరుస ఉంది, అది సరుకును పైన ఉంచి ఇక్కడ చోటు మాత్రం ఖాళీ చేస్తుంది. పొరపాటున చెరిపితే గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, వ్యక్తిగత వన్‌డ్రైవ్‌లోనూ 30 రోజులే. 31వ రోజున ఏడ్చి లాభం లేదు. గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు అసలు ముట్టుకోకపోతే మొత్తం ఖాతానే తీసేసే విధానం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పెద్దవాళ్ల పేరున తెరిచి మరిచిపోయిన ఖాతాలుంటే నెలకోసారి లోపలికెళ్లి రండి.

క్లౌడ్ అన్నామని ఫైళ్లు ఆకాశంలో ఉండవు. గదుల్లో, కరెంటు తాగే యంత్రాల్లో ఉంటాయి. మా రైలు మార్గం రెండు చివర్లా ఇప్పుడు అలాంటి గదులు లేస్తున్నాయి. నవా రాయ్‌పూర్ సెక్టార్ 22లో ర్యాక్‌బ్యాంక్ సంస్థ డేటా సెంటర్ పార్కుకు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడు అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. గదులకు నిప్పు కూడా అంటుకుంటుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయి, అధికారులకు ఒక్కొక్కరికి 30 జీబీ చొప్పున ఇచ్చిన జీ-డ్రైవ్ నిల్వ 858 టెరాబైట్లు బూడిదైంది. దానికి వేరే చోట నకలు లేదు. ఆ రోజు తెరుచుకోని ఫైళ్లు నిజంగానే పోయాయి.

అత్తవి పోలేదు. మధ్యాహ్నానికి ఆరూ కొత్తగా దింపి పెన్‌డ్రైవ్‌లో వేశాం. 1 కేబీ ఉన్న ఒప్పందం పీడీఎఫ్‌గా 236 కేబీ అయింది, 0 కేబీ ఉన్నది 5.8 ఎంబీతో నిండుగా వచ్చింది. ఇంకో పెన్‌డ్రైవ్‌లోనూ అవే ఆరూ వేసి బీరువాలో పెట్టింది అత్త. మొదటిది పట్టుకుని మళ్లీ చాయిస్ సెంటర్‌కి బయల్దేరబోతూ, గుమ్మం దగ్గర ఆగి, చీటీ మీద ఆరు సైజులూ నన్ను రాసిమ్మంది. అక్కడికెళ్లాక సరిపోల్చుకుంటుందట.